రేడియో పందెపు ట్రక్కు: దాని స్ప్రింగులు, టైర్లు

ఎడ్లబండిలో గతుకుల దారివెంట ప్రయాణము చేసినవారికి స్ప్రింగు లేని బండి యెట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు. చక్రము రాయి నెక్కినపుడు బండియు, బండిలోని మనిషియు దానితోపాటు పైకి లేతురు. చక్రము దిగినపుడు వారును దిగుదురు. ఎద్దులు మెల్లగా నడచును గనుక ఈ కుదుపు భరింపరానిది కాదు. కాని అదే బండి గంటకు 40 కిలోమీటర్ల వేగముతో ఆ దారిని పోవలసివచ్చినచో, దాని చక్రములు నేలమీదకంటె గాలిలోనే ఎక్కువకాలము గడపును. నేలను తాకని చక్రము బండిని ముందుకు నడపలేదు, మలుపు త్రిప్పలేదు, ఆపనూలేదు. కనుక వాహనమునకు స్ప్రింగు లమర్చుట కూర్చున్నవాని సుఖముకొరకు మాత్రమే కాదు. చక్రమును నేలతో కలిపి ఉంచుట దాని మొదటి పని.

ఈ సంగతిని బాగుగ పరిశీలించుటకు వీలైన వాహనమొకటి కలదు. అందులో మనిషి కూర్చుండడు. అది మూరెడు పొడవు, రెండు కిలోగ్రాములకు లోపు బరువు గల రేడియో ట్రక్కు. అసలు ట్రక్కులో పదవవంతు కొలతలతో దీనిని చేయుదురు. బ్యాటరీతో తిరుగు మోటారు దీనిని నడపును. నడుపువాడు ఎత్తైన వేదికపై నిలిచి, చేతిలోని రేడియో ప్రేషకముతో దాని వేగమును, దిశను అదుపుచేయును. మట్టితో కట్టిన బాటలో మిట్టలు, గుంటలు, ఇరుకు మలుపులు, ఎగిరి దాటవలసిన దిబ్బలు ఉండును. ఇట్టి పందెములలో ఐదు నిమిషముల పరుగు సాధారణము. ఒక చుట్టునకు 25 సెకండ్లు పట్టినచో 12 చుట్లు పూర్తియగును. చుట్టునకు అరసెకండు వెనుకబడినవాడు చివరకు 6 సెకండ్లు, అనగా సుమారు పావుచుట్టు వెనుకబడును. ఈ అరసెకండు తరచుగా మోటారులో గాక స్ప్రింగులలోను టైర్లలోను దాగియుండును.

ఈ క్రీడ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున బాగుగ పెరిగినది. 1979లో మిక్కీ థాంప్సన్ అను పందెగాడు లాస్ ఏంజెలెస్ నగరపు కొలీజియం క్రీడారంగములో మట్టి పోయించి, అసలు వాహనములకు పందెములు నడిపించెను. ఆ రకపు పందెములనుండియే ఈ చిన్న వాహనములలో ఒక తరగతికి స్టేడియం ట్రక్కు అను పేరు వచ్చినది. 1984లో అసోసియేటెడ్ సంస్థ ఆర్‌సీ10 అను పదవవంతు బగ్గీని విడుదల చేసెను. తొట్టెవంటి అల్యూమినియం చట్రము, నాలుగు చక్రములకు నాలుగు నూనె గొట్టములు దాని ప్రత్యేకతలు. మరుసటి సంవత్సరమే కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో, రెండు చక్రములతో నడచు వాహనముల తరగతిలో అది గెలిచెను. నేటి ట్రక్కుల నిర్మాణములో ఆ పోలికలు ఇప్పటికిని కనిపించును.

చిన్నదైనచో ఏమి మారును?

వస్తువును పదవవంతునకు తగ్గించినపుడు అన్నియు పదవవంతు కావు. పొడవు పదవవంతైనచో వైశాల్యము నూరవవంతు, ఘనపరిమాణము వెయ్యవవంతు అగును. భూమ్యాకర్షణ మాత్రము ఏమియు తగ్గదు. అసలు ట్రక్కును, చిన్న ట్రక్కును అది ఒకే త్వరణముతో క్రిందికి లాగును. దీని ఫలితమేమో చూతము.

ముందు బిగింపు లేని స్ప్రింగుపై వాహనమును ఉంచినపుడు దాని బరువునకు స్ప్రింగు కొంత దిగును. ఆ దిగుడు తెలిసినచో వాహనము సెకండునకు ఎన్నిసార్లు పైకి క్రిందికి ఊగునో లెక్కకట్టవచ్చును. అసలు ట్రక్కు 10 సెంటీమీటర్లు దిగినదనుకొందము. అది సెకండునకు సుమారు ఒకటిన్నరసారి ఊగును. చిన్న ట్రక్కు అందులో పదవవంతు, అనగా 1 సెంటీమీటరు దిగినచో సెకండునకు 5 సార్లు ఊగును. దిగుడు పదవవంతైనచో ఊగుట పదిరెట్లు గాక, పదికి వర్గమూలమైన 3.16 రెట్లు పెరుగును. అందువలననే చిన్న ట్రక్కు ఎప్పుడును వడివడిగ, ఆత్రముగ కదలుచున్నట్లు కనబడును.

ఇప్పుడు బాటపై రెండు మీటర్ల కొకటి చొప్పున వరుసగా మిట్టలున్నవనుకొనుడు. గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకండునకు 10 మీటర్లు. ఆ వేగమున ట్రక్కు సెకండునకు 5 మిట్టలు దాటును. మిట్టలు తట్టు వేళయు, స్ప్రింగు ఊగు వేళయు ఒకటైనవి! ఊయలను సరియైన అదనులో మెల్లగ త్రోసినను అది పెద్దగ ఊగును గదా! అట్లే ట్రక్కు ఊపు మిట్ట మిట్టకును పెరిగి, చివరకు చక్రములు నేలను విడిచి బోల్తాపడవచ్చును. ఈ ఆపదను తప్పించునది స్ప్రింగు కాదు. దాని నడుమ అమర్చిన నూనె గొట్టము.

నూనె చేయు పని

నూనె గొట్టములో ఒక ముషలకము, దానికి చిన్న రంధ్రములు ఉండును. చక్రము లేచినపుడు ముషలకము కదలును. నూనె ఆ రంధ్రములగుండ ఒకవైపునుండి రెండవవైపునకు దూరవలెను. నీళ్లలో గరిటె త్రిప్పుట సులభము, ఆముదములో త్రిప్పుట కష్టము. చిక్కని ద్రవము కదలికను ఎక్కువగ అడ్డగించును. ఆ అడ్డగింపులో చలనశక్తి వేడిగ మారి పోవును. స్ప్రింగు శక్తిని దాచి మరల ఇచ్చును. నూనె శక్తిని తీసికొని మరల ఇయ్యదు. ఈ భేదమే ముఖ్యము.

దిబ్బపైనుండి ఎగిరిన ట్రక్కును ఉదాహరణగ తీసికొందము. దాని బరువు 1.8 కిలోగ్రాములు. అది అర మీటరు ఎత్తునుండి చదునైన నేలపై పడినదనుకొందము. పడుటకు 0.32 సెకండు పట్టును. అసలు ట్రక్కు లెక్కలో ఇది 5 మీటర్ల ఎత్తునుండి పడుటతో సమానము. చక్రములు నేలను తాకిన పిమ్మట ట్రక్కు శరీరము ఇంకను 3 సెంటీమీటర్లు మాత్రమే దిగగలదు. ఆ తరువాత దాని అడుగుభాగము నేలను కొట్టుకొనును. మొత్తము 53 సెంటీమీటర్ల పతనమును ఆ 3 సెంటీమీటర్లలో ఆపవలెనన్న, సగటున బరువునకు సుమారు 18 రెట్ల బలము కావలెను. అనగా 32 కిలోగ్రాముల మోత.

ఇందులో స్ప్రింగుల భాగమెంత? పతనముచే వచ్చిన శక్తి 1.8 కిలోగ్రాములను 53 సెంటీమీటర్లచే గుణింపగా సుమారు 95 కిలోగ్రాము-సెంటీమీటర్లు. 1.8 కిలోగ్రాముల బరువునకు 1 సెంటీమీటరు దిగు స్ప్రింగులు 3 సెంటీమీటర్లు అణగినపుడు దాచుకొనగల శక్తి 8 కిలోగ్రాము-సెంటీమీటర్లు మాత్రమే. అనగా పండ్రెండింట ఒక వంతు! మిగిలిన పదునొకండు వంతులను నూనె త్రాగవలెను. లేదా అడుగుభాగము నేలకు తగులవలెను. ఎగురుదిబ్బల దగ్గర మరింత గట్టి స్ప్రింగు వేసిన సరిపోవునని క్రొత్తవారు తలంతురు. స్ప్రింగు గట్టిదనమును రెట్టింపు చేసినను అది త్రాగునది ఆరింట ఒక వంతే. పైగా ఆ శక్తిని తిరిగి ఇచ్చి ట్రక్కును బంతివలె ఎగురగొట్టును. పందెపు బాటలను కట్టువారు దిబ్బకు ఆవల ఏటవాలు నేలను ఉంచుట కూడ ఇందుకే. వాలుపై దిగిన వాహనమునకు నేలకు లంబముగ నుండు వేగము తక్కువ; దెబ్బయు తక్కువ.

ఈ గొట్టములలో పోయునది సిలికోను నూనె. వేడికి దీని చిక్కదనము పెట్రోలియపు నూనెల చిక్కదనమంత ఎక్కువగ మారదు. అయినను కొంత మారును. చల్లని ఉదయమున సరిగా నున్న ట్రక్కు మండుటెండలో మెత్తబడుటకు ఇదియొక కారణము. చిక్కదనమును సెంటీస్టోకులలో కొలుతురు. అంగడిలో వెయిట్ అను లెక్క కూడ వాడుకలో నున్నది. 30 వెయిట్ సుమారు 350 సెంటీస్టోకులు, 40 వెయిట్ సుమారు 500 సెంటీస్టోకులు. ఒక్కొక్క తయారీదారుని వెయిట్ లెక్క ఒక్కొక్క తీరుగ ఉండును గనుక సెంటీస్టోకులే నమ్మదగినవి.

రంధ్రపు కొలతయు స్వల్పవిషయము కాదు. సన్నని గొట్టములో ద్రవప్రవాహము వ్యాసార్ధపు నాలుగవ ఘాతముననుసరించి మారును. వ్యాసము 1.2 మిల్లీమీటర్లనుండి 1.3 మిల్లీమీటర్లకు పెరిగినచో, అదే ఒత్తిడికి ప్రవాహము 38 శాతము పెరుగును. ముషలకపు రంధ్రము పొట్టిది గనుక ఈ సూత్రము ఇక్కడ అచ్చముగ వర్తింపకపోయినను, వెంట్రుకవాసి మార్పు ఎంత పని చేయునో దీనివలన తెలియగలదు.

మరియొక సంగతి కలదు. ముషలకము మెల్లగ కదలినపుడు నూనె నెమ్మదిగ జారును. అడ్డగింపు వేగముతో సమముగ పెరుగును. అతివేగముగ కదలినపుడు రంధ్రములవద్ద సుడులు పుట్టును. అడ్డగింపు వేగము యొక్క వర్గముతో పెరుగనారంభించును. చిన్న రంధ్రములు, పలుచని నూనె గల గొట్టమును, పెద్ద రంధ్రములు, చిక్కని నూనె గల గొట్టమును చేతితో మెల్లగ నొక్కిచూచినచో రెండును ఒక్కటిగనే తోచవచ్చును. కాని దిబ్బనుండి పడినపుడు మొదటిది బిగుసుకొని అడుగుభాగమును కాపాడును. గరుకు గతుకులలో అదే బిగువు చక్రమును కదలనీయక ట్రక్కును ఎగురగొట్టును. కనుక ఎగురుదిబ్బలు పెద్దవైనచో మొదటి రకము, చిన్న చిన్న గతుకులు ఎక్కువైనచో రెండవ రకము మేలు.

స్ప్రింగును ఎచట కట్టవలెను?

చక్రమును మోయు చేతికి ఒక కొన చట్రమునకు కీలువలె అతికియుండును; రెండవ కొనవద్ద చక్రముండును. స్ప్రింగు ఈ రెంటి నడుమ ఎక్కడనో పట్టుకొనును. కీలునుండి మూడింట రెండు వంతుల దూరములో స్ప్రింగును కట్టితిమనుకొందము. చక్రము 3 మిల్లీమీటర్లు లేచినపుడు స్ప్రింగు 2 మిల్లీమీటర్లే అణగును. బలము మూడింట రెండు వంతులే పుట్టును. ఆ బలము కూడ మీటవలె పనిచేసి చక్రమునకు చేరుసరికి మరల మూడింట రెండు వంతులే యగును. కాబట్టి చక్రమునకు తెలియు గట్టిదనము స్ప్రింగు గట్టిదనములో తొమ్మిదింట నాలుగు వంతులు మాత్రమే. అందుకే ఒక రంధ్రము లోపలికో వెలుపలికో జరిపినంతమాత్రమున ట్రక్కు నడక మారిపోవును.

గొట్టముపైనున్న మరచుట్టును త్రిప్పి స్ప్రింగును ముందుగనే కొంత అణచవచ్చును. దీనివలన స్ప్రింగు గట్టిపడునని చాలమంది భావింతురు. అది నిజము కాదు. స్ప్రింగు గట్టిదనము తీగ మందము, చుట్ల వ్యాసము, చుట్ల సంఖ్య, లోహపు గుణము వీనిపై ఆధారపడును. మరచుట్టు మార్చునది ట్రక్కు నిలుచు ఎత్తును మాత్రమే. ఆ ఎత్తును కొలుచుటకు ముందు ట్రక్కును జానెడు ఎత్తునుండి విడిచి, తనంతట కుదురుకొననీయవలెను. స్టేడియం ట్రక్కులలో అడుగుభాగమునకు నేలకు మధ్య తరచుగ 25 మొదలు 30 మిల్లీమీటర్ల వరకు ఉంచుదురు. ఎత్తు తగ్గించినచో మలుపులో నిలకడ పెరుగును. గతుకులలో అడుగు తగులును. పందెగాడు ఈ రెంటి నడుమ బేరము కుదుర్చుకొనవలెను.

మలుపులో బరువు

ట్రక్కు మలుపు తిరుగునపుడు లోపలి చక్రములపై బరువు తగ్గి, వెలుపలి చక్రములపై పెరుగును. గరిమనాభి 6 సెంటీమీటర్ల ఎత్తులోను, ఎడమ కుడి చక్రముల నడుమ దూరము 30 సెంటీమీటర్లును ఉన్నవనుకొందము. పార్శ్వత్వరణము భూమ్యాకర్షణ త్వరణములో పదింట ఎనిమిది వంతులైనచో, 1.8 కిలోగ్రాముల ట్రక్కులో 288 గ్రాముల బరువు లోపలినుండి వెలుపలికి మారును. ఈ మొత్తమును స్ప్రింగు లేవియు చెప్పుకొనదగినంతగ తగ్గింపలేవు. ఆ 288 గ్రాములలో ముందు చక్రముల వాటా యెంత, వెనుక చక్రముల వాటా యెంత అనుదానిని మాత్రము స్ప్రింగులు నిర్ణయించును. ఏ కొనలో స్ప్రింగులు గట్టివో ఆ కొనకే ఎక్కువ వాటా వచ్చును.

ఇందులో నష్టమేమి? టైరుపై బరువు రెట్టింపైనచో పట్టు రెట్టింపు కాదు. కొంచెము తక్కువగ పెరుగును. అంకెలతో ఊహింతము. 500 గ్రాముల బరువుకు ఒక టైరు 400 గ్రాముల పట్టు నిచ్చునని, 700 గ్రాములకు 530, 300 గ్రాములకు 250 ఇచ్చునని అనుకొనుడు. జతలో బరువు సమముగ నున్నపుడు పట్టు 800. ఒకదానిపై 700, రెండవదానిపై 300 ఉన్నపుడు పట్టు 780 మాత్రమే. అందువలన ఏ కొనను గట్టిచేయుదుమో ఆ కొన పట్టు తగ్గును. మలుపులో వెనుకభాగము జారిపోవుచున్నచో వెనుక స్ప్రింగును మెత్తన చేయుటయో, ముందు స్ప్రింగును గట్టిచేయుటయో తగిన మందు. ముక్కు తిరుగక నేరుగ పోవుచున్నచో దీనికి విరుద్ధముగ చేయవలెను.

మలుపులో శరీరము వెలుపలికి ఒరుగును. దానితో వెలుపలి చక్రము కూడ ఒరిగి టైరు అంచుపై నిలుచును. దీనిని సరిచేయుటకు చక్రముల పైభాగములను ముందుగనే ఒకటి రెండు డిగ్రీలు లోపలికి వంచి యుంచుదురు. అట్లుంచినచో మలుపులో టైరు వెడల్పంతయు నేలకు ఆనును.

టైరు

ఇంతవరకు చెప్పినదంతయు టైరు నేలను పట్టుకొనగలిగినపుడే ఉపయోగపడును. ఈ టైరులో గాలి కొట్టరు. లోపల స్పంజి చుట్టును దూర్చి, టైరు అంచులను జిగురుతో చక్రమునకు అతికింతురు. జిగురు లేనిచో మోటారు బలమునకు చక్రము టైరులోపలనే తిరిగిపోవును. లోపలి గాలి వచ్చుచు పోవుచు ఉండుటకు సన్నని రంధ్రములు ఉంచుదురు. స్పంజి మెత్తదైనచో టైరు గతుకులకు ఒదుగును. గట్టిదైనచో మలుపులో మడతపడక నిలుచును.

వేగమునకు టైరు ఓర్చుకొనవలసిన బాధ సామాన్యమైనది కాదు. 10 సెంటీమీటర్ల వ్యాసము గల టైరు గంటకు 50 కిలోమీటర్ల వేగమున సెకండునకు 44 చుట్లు తిరుగును. అపుడు దాని అంచునందలి ఒక్కొక్క గ్రాము రబ్బరు 390 గ్రాముల బరువు లాగినట్లు వెలుపలికి లాగును. అందుచే మెత్తని టైరు నడుమ ఉబ్బి, అంచులు నేలను విడుచును.

టైరుపై గుబ్బలను నేలనుబట్టి ఎన్నుకొనవలెను. పైన పొడిమట్టి, క్రింద గట్టినేల ఉన్నచో పొడవైన, ఎడమెడమగ నుండు ముండ్లవంటి గుబ్బలు కావలెను; అవి పొడిమట్టిని చీల్చుకొని క్రిందినేలను అందుకొనును. అవే గట్టిబంకమట్టి బాటపై పనికిరావు. నేలలోనికి దిగజాలక వంగిపోవును. అక్కడ పొట్టి, దగ్గర దగ్గరగ నుండు గుబ్బలు మేలు. ఎన్నో పరుగులచే నున్నబడి రబ్బరు పూత పట్టిన బంకమట్టిపై దాదాపు నున్నని టైరే గెలుచును. ఏలయనగా అక్కడ పట్టును ఇచ్చునది నేలకు ఆనిన రబ్బరు వైశాల్యము, ఆ రబ్బరు నేలయొక్క సన్నని గరుకులో ఒదుగుట. తడి నల్లరేగడిలో నడచినవారికి మరియొక కష్టము తెలియును: మట్టి అంగలకు అంటుకొని అంగలే దిమ్మలగును. గుబ్బల నడుమ సందు చాలనిచో టైరునకును ఇదే గతి.

మెత్తని రబ్బరు బాగుగ పట్టును, త్వరగ అరుగును. ఉదయపు పరుగున మొదటగ నిలిచిన టైరు సాయంకాలమునకు గుండ్రని అంచులతో జారుటయు కలదు.

సరిచేయు పద్ధతి

ఇన్ని మార్పులు చేతిలో నున్నపుడు వరుస లేకున్న తికమక తప్పదు. అనుభవజ్ఞులు మొదట టైరును నిర్ణయింతురు. తప్పుటైరును ఏ స్ప్రింగును రక్షింపజాలదు. తరువాత నిలుచు ఎత్తు, ఆపైన నూనె, రంధ్రములు, పిమ్మట స్ప్రింగులు, చివరకు చక్రముల వాలు. ప్రతిసారియు ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. నూనెను, స్ప్రింగును ఒకేసారి మార్చి వేగము పెరిగినచో, ఏది మేలుచేసినదో, ఏది కీడుచేసినదో ఎన్నటికిని తెలియదు.

ఒక చుట్టు కాలమును చూచి తీర్పు చెప్పుటయు తగదు. ఏ మార్పును చేయకయే ఒకే మనిషి వరుసగా నడిపిన చుట్లు అరసెకండు అటునిటుగ ఉండవచ్చును. అందువలన మార్పునకు ముందు పది చుట్లు, తరువాత పది చుట్లు నడిపి సగటులను పోల్చవలెను. అటుపిమ్మట మార్పును తీసివేసి మరల చూడవలెను. కాలము వెనుకటి స్థితికి వచ్చినచోనే ఆ మేలు మార్పువలన కలిగినదని నమ్మవచ్చును. లేనిచో బాట ఎండుటయో, నడుపువాని చేయి తిరుగుటయో అసలు కారణము కావచ్చును. తేదీ, బాట స్థితి, ఎండ, నూనె, టైరు, చుట్ల కాలము ఒక పుస్తకమున వ్రాసియుంచుట మంచిది. జ్ఞాపకము గెలిచిన రోజునే ఎక్కువగ గుర్తుంచుకొనును. పుస్తకము ఓడిన రోజును కూడ మరువదు.

ఈ లెక్కలు ఆటవస్తువునకే పరిమితములు కావు. మనము ప్రయాణము చేయు బస్సునకును, రోగిని తీసికొనిపోవు వాహనమునకును స్ప్రింగు, నూనె, టైరు ఇవే నియమములకు లోబడి పనిచేయును. నూనె కారిపోయిన గొట్టముతో నడచు బస్సు తడిరోడ్డుపై ఆగవలసినచోట ఆగలేకపోవుటకు కారణము ఇప్పుడు పాఠకులు చెప్పగలరు. పెద్ద వాహనముతో ప్రయోగము చేయుట ఖరీదైనది, ప్రమాదకరమైనది. మూరెడు ట్రక్కు బోల్తాపడినచో తిరిగి నిలువబెట్టి, రెండు మరలు విప్పి, నూనె మార్చి, ఒక గంటలో మరల ప్రశ్న అడుగవచ్చును. కొలిచి, ఒక్కటి మార్చి, మరల కొలుచుట నేర్చిన బాలునకు ఆ పందెములో బహుమతి రాకపోయినను భౌతికశాస్త్రములో మొదటి పాఠము వచ్చినట్లే.